ఎడమ సీటు కింద రేకు

పలాసలో నలభై ఏళ్లుగా నాది బండ్ల రేకు పని. కన్నాలకి లప్పం పూసి మాయ చెయ్యడం నాకు రాదు. దానికి పక్క షెడ్డు కామేశ్ ఉన్నాడు.

మందస జీడితోటలో ముప్పై ఏళ్లు పడున్న రెండు సీట్ల స్పోర్ట్స్ కారుని ఢిల్లీశ్వరరావు కొని, ఇంజను బాగుచేయించి నా షెడ్డులో దింపాడు. ఉప్పుగాలికి అడుగురేకు అప్పడంలా విరిగిపోతోంది. అసలు రేకు విదేశం నుంచి తెప్పిస్తే కారు కొన్న ధర దాటిపోతుంది.

"నీవల్ల కాకపోతే సెప్పీ ఈశ్వర్రావు మావా, కామేశ్‌కి ఇచ్చీత్తాను" అన్నాడు.

ఆ మాట నాకు పడలేదు.

భావనపాడు ఒడ్డున దళసరి రేకు కనబడింది. వేటకెళ్లి మునిగిపోయిన యువరాజు అనే కుర్రాడి పడవ ఇంజను మూత అది. సముద్రం మూతని ఇచ్చింది, యువరాజుని ఇవ్వలేదు. మనిషి దొరకని పడవ ముక్కని ఎవరూ ముట్టరు. ఏడాది తిరిగాక ఇంటివాళ్లే సముద్రంలో వదులుతారు. వాడి తల్లి ముసలమ్మ దానికి పసుపు రాసి ఉంచింది. అడగొచ్చు. కానీ వాళ్ల నీళ్ల డ్రమ్ముకి నేను వేసిన అతుకు కారుతోందని ఒకప్పుడు పదిమందిలో అన్న మనిషి ఆవిడ. నేను అడగను. తెచ్చీసేను. ఎడమ సీటు కింద వెల్డింగు పెట్టేను.

మర్నాడు దాని మీద నీళ్లు. వాన లేదు. తుడిచేను. మళ్లీ నీళ్లు... నాలుక్కి ఉప్పగా తగిలాయి. షెడ్డంతా తడితాడు వాసన. మిట్టమధ్యాహ్నం ఒక్కణ్నే ఉన్నాను. ఎడమ సీటు స్ప్రింగులు కిర్రుమన్నాయి. మెల్లగా అణిగాయి... మనిషి కూర్చున్నట్టు.

వారానికే రేకు తుప్పెక్కి ఎర్రబడింది.

"కారతందేటి మావా?" అని నవ్వేడు ఢిల్లీశ్వరరావు.

ఆ నవ్వు పడలేక ముసలమ్మ దగ్గరికి వెళ్లి, మూత నేనే తెచ్చేనని చెప్పేను. ఆవిడ తిట్టలేదు.

"ఎట్టుకెల్లినోడివి నువ్వే, ఈశ్వర్రావు. కారుతోనే రా. నా ఎదట కోసి తియ్యి."

తోలుకెళ్లి ఒడ్డునే కోసేను. ముసలమ్మ రేకుని సముద్రంలో వదిలింది. వచ్చి ఎడమ సీటు మీదకి వంగి చెవి పెట్టింది. చాలాసేపు...

"ఏటంటన్నాడు వదినా?" అన్నాను.

"నీ పని బాగుందంట" అంది నెమ్మదిగా. "దిగనంటన్నాడు."

తిరుగుదారిలో, కోసిన కన్నంలోంచి రోడ్డు పరిగెడుతూ కనబడింది. టెక్కలి దాటేక కనబడలేదు. ఎండ బాగానే ఉంది. ఎడమ సీటు స్ప్రింగులు కిర్రుమన్నాయి...

కన్నానికి ఏదో అడ్డంగా ఉంది.