మూడుబాటల ముద్ద

బస్సెక్కితే ఊరు వెనక్కి పోవడమే తప్ప కనపడదని సాయిప్రియ వాదన. అందుకే హైదరాబాదు మొత్తం పరుగుమీదే చూస్తానని పట్టుబట్టింది. మచ్చ బొల్లారం కాలనీలో ఉద్యోగస్తుల బిడ్డ ఆమె. తోడుగా కాలేజీలో తనకంటే ఏడాది చిన్న దోస్తు శైలజ, శామీర్‌పేట చెరువులో చేపలు పట్టే లింగం బిడ్డ. ఆదివారానికో దిక్కు. కుత్బుల్లాపూర్ సందులయ్యాయి, రాణీగంజ్ అయింది. పై వారం చార్మినార్.

ఆ తెల్లవారుజామున శామీర్‌పేట నుంచి మేడ్చల్‌కి కోళ్ళఫారాల బాట పట్టారు. మంచు దట్టంగా ఉంది. తడి ఈకలు, పెంట, ఎక్కడో కుళ్ళిన కోడి... ఆ వాసన గొంతులో జిగురులా పట్టుకుంది.

మూడుబాటల కాడ శైలజ టక్కున ఆగింది. విస్తరాకులో పసుపన్నం, గుడ్డు, కోసిన నిమ్మకాయ. ఎవరికో దిష్టి తీసి పెట్టారు.

“నిన్న అమాస అక్కా. సుట్టు తిరిగి పోదాం. గదాన్ని దాటద్దు.”

“మా నాయనమ్మ కూడా ఇంత భయపడదే! ఇలా ఆగుతూ పోతే చార్మినార్ చేరేసరికి ముసలాళ్ళమైపోతాం.”

నవ్వుతూ ఎగిరింది. కాలు సరిగ్గా అందులోనే పడింది. చప్... మురిగిన గుడ్డు చింది పెదవికి తగిలింది.

“ఛీ!”

ఉమ్మింది, తుడుచుకుంది, మళ్ళీ పరుగందుకుంది.

కాసేపటికి ఏదో చప్పుడు. తడితడిగా... నమిలినట్టు.

“ఏం నములుతున్నవక్కా?”

“ఏమీ లేదే...”

నోటినిండా కుక్కుకుని అన్నట్టుంది ఆ మాట.

సాయిప్రియ ఆగిపోయింది. చెంపలు ఉబ్బాయి. దవడలు వాటంతటవే ఆడుతున్నాయి. కళ్ళు మాత్రం ఆపమని బతిమాలుతున్నాయి. పెదవి మూల నుంచి సొంగతో కలిసి పసుపన్నం జారింది. పాచిన అన్నం. ఊపిరాడక మెడ నరాలు లేచాయి.

శైలజ రెండువేళ్ళు ఆమె నోట్లో పెట్టి గీకింది. పిడికెడు వచ్చింది. ఇంకో పిడికెడు. జిగట... మధ్యలో ఈకలు... తీసేకొద్దీ నిండుతోంది. సాయిప్రియ ముఖం నల్లబడుతోంది.

“ఉమ్మెయ్ అక్కా! జల్దీ!”

ఇంకా లోపలికి... కొండనాలుక దాటి...

అక్కడ శైలజ వేళ్ళను ఏవో వేళ్ళు పట్టుకున్నాయి.

చిన్నవి. మెత్తగా, అన్నం కలిపిన చేతిలా. ఓ క్షణం నిమిరి... వదిలేశాయి.

శైలజ కెవ్వున చెయ్యి లాక్కుంది. సాయిప్రియకు ఊపిరందింది. రోడ్డు మీద కూలబడి దగ్గింది. నోరు ఖాళీ.

శైలజ తన వేళ్ళకేసి చూసింది. వాటి మీద గుండ్రంగా చేసిన ముద్ద, పసిపిల్లకు తినిపించేంత. పొగలు వస్తున్నాయి.

విసిరేయాలనుకుంది.

తన నోరు దానంతటదే తెరుచుకుంది.