దేవునింట్లో పోయిన ఓడ పాసులు

మెట్లెక్కి వచ్చిన గౌరమ్మ చేతులకు ఇంకా తడి ఆరలేదు. పూజ మధ్యలో లేచి వచ్చిందని చూడగానే తెలిసిపోతోంది. బంగారు గనుల ఊరైన రాబర్ట్‌సన్‌పేట బజారులో దొడ్డయ్యశెట్టి బట్టల అంగడి తెలియనివారు లేరు. ఆ శెట్టిగారి భార్య ఒంటరిగా, చెప్పులైనా లేకుండా, జిరాక్సు అంగడి పైనున్న డిటెక్టివ్ ఆఫీసుకు రావడం మాధవకు మంచి శకునంగా తోచలేదు. కుర్చీ జరిపి నీళ్ళిచ్చాడు.

నాగరత్న కాఫీ గ్లాసు పక్కన పెట్టింది. ఇన్సూరెన్సు కంపెనీలో దొంగ క్లెయిములు పట్టీ పట్టీ తల నెరిసిన మనిషి ఆవిడ. రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక ఈ ఏజెన్సీ తెరిచింది. మేడం ఎదుట అబద్ధం నిలవదని ఆమె సహాయకుడు మాధవ నమ్మకం. ఆ నమ్మకాన్ని ఊరంతా పంచిపెట్టడం కూడా తన ఉద్యోగంలో భాగమే అనుకుంటాడు.

"ఏం పొయిందమ్మా?" అని అడిగింది నాగరత్న.

"కాగితాలు పొయినాయి. అవి పోతే పోనీ. మా ఇంట్లో పని చేసే సొన్నమ్మ పేరు పోకుండా మీరు కాపాడల్ల."

గౌరమ్మ చెప్పిన సంగతి ఇదీ. కోడలు రశ్మి ఇంట్లో అందరికీ ఓడ ప్రయాణం బుక్ చేసింది. రేపు చెన్నై రేవులో ఎక్కాలి. ఓడ కంపెనీ పంపిన బోర్డింగ్ పాసులను శెట్టిగారు పట్టుబట్టి ప్రింటు తీయించారు. ముఖ్యమైన కాగితం ఏది ఇంటికొచ్చినా నాలుగు మూలలా పసుపు కుంకుమ పెట్టి పూజగదిలో లక్ష్మీదేవి ముందు ఉంచడం ఆ ఇంటి ఆచారం. నిన్న తెల్లవారుజామున గౌరమ్మ అలాగే పసుపు తడిపి పెట్టి, పాసులను పళ్ళెంలో ఉంచి, పైన రవికగుడ్డ కప్పింది. ఈ రోజు శుక్రవారం పూజకని గుడ్డ తీస్తే పాసులు లేవు.

"దేవునిల్లు తుడిచేది సొన్నమ్మ కదా అని మా ఇంటి యజమాని ఆమెను ఇంటి ముందరి బీదిలోకి పిలిచి, నలుగురి ముందర దొంగ అన్నారు. సాయంత్రంలోగా కాగితాలు రాకుంటే పోలీసు కంప్లెయింట్ ఇస్తారంట. ఆ పేరు పడితే ఈ పేటలో ఇంగ ఎవరూ ఆమెను గడప తొక్కనీరు. ఎట్ల బతుకుతాదమ్మా?"

"పళ్ళెంలో ఇంకేమేమి ఉండినాయి?"

"అందరి ఆధార్ కార్డులు, వెండి కుంకుమభరిణె."

"అవి పోలేదా?"

"పోలేదు. పెట్టినవి పెట్టినట్లే ఉండాయి."

నాగరత్న లేచి చెప్పులు వేసుకుంది.

సొన్నమ్మ పెరట్లో బట్టలుతికే బండ పక్కన కూర్చుని ఉంది. పొద్దున బట్టలు సబ్బునీళ్ళలో నానబెట్టిందట. అంతలో గొడవ మొదలైంది. బకెట్టు అలాగే ఉండిపోయింది.

"నిన్న దేవునిల్లు తుడిచినావా?"

"తుడిచినానమ్మా. పళ్ళెం జోలికి పోలేదు. కప్పి పెట్టినదాన్ని నేనెందుకు తీస్తాను?"

ఆమె ఏడవడం లేదు. ఏడుపు పొద్దున్నే అయిపోయినట్టుంది. నాగరత్న బకెట్టులో చెయ్యిపెట్టి ఒక్కొక్క బట్టా పైకి తీసింది. వాటిలో శెట్టిగారి జేబు బనీను ఒకటి ఉంది. వ్యాపారస్తులు చొక్కా లోపల తొడుక్కుంటారే, అలాంటిది. ఆమె జేబును తిరగదీసింది. లోపలివైపున ఎర్రటి మచ్చలు కనిపించాయి.

"వక్కాకు మరకా?" అన్నాడు మాధవ.

"యజమాని ఆకు వక్క ముట్టరు సామీ," అంది సొన్నమ్మ.

నాగరత్న బనీను మళ్ళీ నీళ్ళలోకి వదిలింది. మాధవకు ఆ మచ్చలేమిటో అర్థం కాలేదు, కానీ అర్థమైనట్టే తలాడించాడు.

హాల్లో రశ్మి సూటుకేసు సర్దుతోంది. "దాచి నాకేం లాభం ఆంటీ? పాసులు నా ఫోన్లో ఉండాయి. ప్రింటైనా సరే, ఫోనైనా సరే అని ఓడ కంపెనీ వాళ్ళే మెసేజ్ పంపినారు."

"ఆ సంగతి ఎవరెవరికి తెలుసు?"

"చందన్‌కు తెలుసు. మొన్న వంటింట్లో అత్తకు చూపించినాను. సొన్నమ్మ కూడా చూసి, 'అయితే కాగితమెందుకమ్మా' అని నవ్వింది."

"మీ మామగారికి?"

"చెప్పబోయినాను. ఫోన్ అన్న మాట వింటేనే ఆయన చెయ్యి ఊపేసి అంగడికి పోతారు."

ఆమె భర్త చందన్ దగ్గర్లోని నరసాపురం ఫ్యాక్టరీలో పని చేస్తాడు. రాత్రి షిఫ్టు ముగించుకుని కంపెనీ బస్సులో వచ్చి అప్పుడే దిగాడు. లీవు క్యాన్సిల్ చేస్తానని మేనేజరు బెదిరిస్తున్నాడని తానే చెప్పుకున్నాడు. మాధవ కళ్ళు మెరిశాయి.

"అయితే ప్రయాణం ఆగిపోతే మీకు మంచిదే కదా?" అన్నాడు.

"ఆపల్లంటే లీవు లేదని ఒక్క మాట చెప్తే చాలదా సార్? నా ఫోన్లో కూడా పాస్ ఉండాది. కాగితం దాస్తే ఏమి ఆగుతాది?"

ఇక మిగిలింది శెట్టిగారు. అంగడిలో పరుపు మీద కూర్చుని, పక్కనున్న చీరలు మడత పెడుతున్నారు.

"నిన్న మీరు దేవునింట్లోకి పోయినారా?"

"లేదమ్మా. తెల్లారే సరుకు బండి వచ్చిందని స్నానం కూడా చేయకుండా అంగడికి వచ్చినాను. మైల ఒంటితో ఆ గడప ఎట్ల తొక్కుతాను?"

"పాసులు ఫోన్లో ఉండాయంట. ప్రయాణానికి అడ్డమేమీ లేదు."

ఎవరైనా ఆ మాటకు గుండె మీద చెయ్యేసుకుని నిట్టూరుస్తారు. శెట్టిగారికి మాత్రం కోపం వచ్చింది. "ఫోన్లో బొమ్మ చూపిస్తే ఓడ ఎక్కిస్తారా? చార్జి అయిపోతే సముద్రంలో దూకల్లనా? కాగితం లేకుంటే ప్రయాణం లేదు, అంతే."

నాగరత్న అక్కడే ఓడ కంపెనీకి ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. ప్రింటు గానీ, ఫోన్లో గానీ, ఏది చూపించినా ఎక్కవచ్చని అవతలి అమ్మాయి చెప్పింది. శెట్టిగారు అప్పటికే మడత పెట్టిన చీరను విప్పి మళ్ళీ మడత పెట్టారు.

బయటికి వచ్చాక మాధవ నిట్టూర్చాడు. "ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు మేడం."

"ఈశ్వరుడు పులితోలు కట్టుకుంటాడప్పా. బట్టలుతికే పని ఆయనకేం తెలుసు? సాయంత్రం అందరినీ అంగడికి రమ్మను. సొన్నమ్మ తప్పకుండా రావల్ల."

సాయంత్రం అంగడి తలుపు ఓరగా మూసి అందరూ పరుపు మీద కూర్చున్నారు. సొన్నమ్మ గడప దగ్గరే నిలబడింది.

"దొంగకు కావలసింది వెండి అయితే భరిణె పోయేది," అని మొదలుపెట్టింది నాగరత్న. "అది పోలేదు. అంటే తీసినవాళ్ళకు ఈ ప్రయాణం ఆగల్ల, అంతే. కానీ కాగితం పోతే ప్రయాణం ఆగుతాదని ఈ ఇంట్లో ఎవరు నమ్ముతారు? రశ్మి నమ్మదు, చందన్ నమ్మడు. వాళ్ళ ఫోన్లలో పాసులు ఉండాయి. గౌరమ్మా సొన్నమ్మా వాటిని కళ్ళారా చూసినారు. ఆ సంగతి తెలియనిది ఒక్కరికే."

అందరి చూపూ ఒక్క చోటికే తిరిగింది.

"ఇంకోటి చెప్తాను. సబ్బు తగిలితే పసుపు ఎర్రగా మారుతాది. మా మాధవ తన చొక్కాలు తానే ఉతుక్కుంటే అతనికీ తెలిసుండేది. శెట్టిగారూ, నిన్న మీరు దేవునింట్లోకి పోలేదన్నారు. మరి మీ బనీను జేబులోకి పసుపు ఎట్ల వచ్చింది? బయట అంటితే ఎవరి చెయ్యో తగిలిందనుకోవచ్చు. మరకలున్నది జేబు లోపల."

గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టు శెట్టిగారి చెయ్యి రొమ్ము మీదికి పోయింది.

"కాగితాలు యాడ ఉండాయో కూడా చెప్తాను. ఇంకొకరైతే చించి పారేస్తారు. మీరు చించలేరు. పసుపు కుంకుమ పెట్టి లక్ష్మి ముందర ఉంచిన కాగితాన్ని చెత్తలో వేసేదానికి మీకు చేతులు రావు. దేవునింట్లోంచి తీస్తే దాన్ని పెట్టేదానికి లక్ష్మి ఉండే చోటు మీకు ఇంకొకటే ఉండాది. గల్లాపెట్టె తెరవండి."

దొడ్డయ్యశెట్టి గల్లాపెట్టె దగ్గరికి జరిగాడు. తాళం తీశాడు. పాసులు లోపలే ఉన్నాయి, మడతపెట్టి, మూలల్లో పసుపు ఎండిపోయి.

"నాకు నీళ్ళంటే భయం," అన్నాడు ఎవరినీ చూడకుండా. "చిన్నప్పుడు మైన్ల దగ్గర నీళ్ళు నిండిన గుంతలో పడినాను. ఈ పొద్దుకీ బావిలోకి తొంగి చూడను. ఓడలో పోతా ఉండామని బజారంతా గొప్పగా చెప్పుకున్నాక, భయమని ఏ నోటితో చెప్పల్ల? కాగితం పోతే ప్రయాణం దానంతటదే నిలిచిపోతాది అనుకున్నాను."

"ఆ పాపం సొన్నమ్మ నెత్తిన ఎందుకు వేసినారు?" అని అడిగింది గౌరమ్మ.

"నువ్వు గుడ్డ తీసి అరిచినావు. అందరూ నన్నే చూస్తా ఉన్నట్లు అనిపించింది. నోటికి ఆమె పేరు వచ్చింది."

మాధవకు ఒళ్ళు మండింది. తన భయం దాచుకోవడానికి ఒక మనిషి బతుకునే అడ్డం పెట్టాడే అనుకున్నాడు. ఏదో అనబోతే నాగరత్న కళ్ళతోనే వద్దంది.

"రేపు నేను పోతాను," అంది గౌరమ్మ. "సముద్రం చూడల్లని నాకు చిన్నప్పటినుంచీ ఆశ. మీరు రాకున్నా పోతాను. ముందు ఆమెకు చెప్పాల్సింది చెప్పండి."

శెట్టి సొన్నమ్మవైపు తిరిగి చేతులు జోడించాడు. "తప్పయిపొయింది సొన్నమ్మా. మనసులో పెట్టుకోవద్దు."

సొన్నమ్మ కొంగు సర్దుకుంది.

"ఇక్కడ చెప్తే ఎట్లయ్యా? నన్ను దొంగ అనింది బీదిలో. విన్నోళ్ళంతా బీదిలోనే ఉండారు."

శెట్టి భార్యవైపు చూశాడు. ఆమె తల తిప్పుకుంది. అతను మెల్లగా లేచి తలుపు తెరిచాడు.

శుక్రవారం సాయంత్రం కదా, బజారు కిటకిటలాడుతోంది. ఎదురుగా పాత్రల అంగడి బచ్చప్ప కొనడానికొచ్చినవాళ్ళతో మాట్లాడుతున్నాడు.

"బచ్చప్పా," అని పిలిచాడు శెట్టి. "పొద్దున సొన్నమ్మను దొంగ అంటిని. ఆమె తీయలేదు. టికెట్లు తీసింది నేనే."

"మీ టికెట్లు మీరెందుకు తీస్తారు శెట్టీ?"

"ఓడ ఎక్కేదానికి భయమై."

ఎవరో కిసుక్కున నవ్వారు. శెట్టి ముఖం చెమటతో తడిసింది. అయినా లోపలికి రాలేదు. పూలమ్మే చిక్కమ్మ పొద్దున అక్కడే ఉందని గుర్తొచ్చి ఆమె దగ్గరికి నడిచాడు, మొదటినుంచి మళ్ళీ చెప్పాడు. ఆమె పక్కన నిమ్మకాయల బండివాడికీ చెప్పాడు. అక్కడినుంచి నాలుగో మనిషివైపు తిరిగాడు. ఈసారి నోరు తెరిచి అలాగే నిలబడిపోయాడు.

సొన్నమ్మ గడప దిగి అతని పక్కకు వచ్చింది.

"ఇంగ చాలయ్యా," అంది. "లోపలికి రండి."