సారమ్మ ఫోన్ సర్దింది

నైట్ డ్యూటీ దిగి దొర్కా ఇంటికొచ్చేసరికి వీధి కుళాయి దగ్గర బిందెలు వరస కట్టి ఉన్నాయి. నాగావళి ఏటి వైపు మంచు ఇంకా విడలేదు. అత్త సారమ్మ గుమ్మంలో కూర్చుని చోడిపిండి జల్లిస్తోంది. కోడలి చెప్పుల చప్పుడు విని, తలెత్తకుండానే అంది.

"కాళ్ళు కడుక్కో అమ్మి. అంబలి కాసేను. తాగి తొంగో."

"సరే అత్తా."

"ఆ పోను ఇలగెట్టు. పాటలింటాను."

రోజూ జరిగేదే. దొర్కా ఫోన్లో క్రైస్తవ పాటలు పెట్టి, అత్త పక్కన పీట మీద ఉంచి లోపలికి వెళ్ళిపోయింది.

అప్పటికింకా రాయగడలో టచ్ ఫోన్ చేతిలో ఉన్నవాళ్ళు తక్కువ. దొర్కా పని చేసే ఆస్పత్రిలో పెద్ద డాక్టర్ దగ్గర ఒకటుంది, దొర్కా దగ్గర ఒకటుంది. జీతంలో దాచుకుని విశాఖపట్నం వెళ్ళి కొనుక్కుంది. తెలుగు అక్షరాలు అందులో పెట్టెలు పెట్టెలుగా కనిపించేవి. అయినా దాన్ని తనకి నచ్చినట్టు తయారు చేసుకుంది. మొదటి పేజీలో పెద్ద గడియారం, దాని కింద ఆస్పత్రి పనికి కావలసినవి. రెండో పేజీలో మనుషులు. గుణుపురంలో ఉన్న అమ్మ, తమ్ముడు, భర్త సురేష్ బాబు. ఎవరి మొహం మీద వేలు పెడితే వాళ్ళకి ఫోన్ వెళ్తుంది. మూడో పేజీలో ఏమీ పెట్టలేదు. వెనకాల బొమ్మ నిండుగా కనబడాలని అలా వదిలేసింది. నర్సింగ్ చదివేటప్పుడు స్నేహితురాళ్ళతో దుడుమ జలపాతం దగ్గర దిగిన ఫోటో అది.

సురేష్ బాబు మునిసిపాలిటీ నీళ్ళ ట్యాంకర్ నడుపుతాడు. అతను ఫోన్ చేస్తే ఆ ట్యాంకర్ హారనే మోగేటట్టు రికార్డు చేసి పెట్టుకుంది. మొదటిసారి అది వార్డులో మోగినప్పుడు ఓ ముసలాయన మంచం మీదే పక్కకి తప్పుకున్నాడు.

మధ్యాహ్నం దొర్కా లేచి ఫోన్ తీసింది. కాసేపు అది తన ఫోనేనా అని చూసింది. పెద్ద గడియారం లేదు. అమ్మ మొహం లేదు, తమ్ముడి మొహం లేదు. బొమ్మలన్నీ మొదటి పేజీలో బడిపిల్లల్లా వరసగా నిలబడి ఉన్నాయి. వెనక జలపాతం పోయి, చనిపోయిన మామ అమృతరావు వచ్చేడు. గోడ మీది ఫోటోకే ఫోటో తీసేరు. ఫ్లాష్ వెలుగు సరిగ్గా ఆయన ముక్కు మీద పడింది.

"సూసేవా?" సారమ్మ మొహం వెలిగిపోతోంది. "పాటింటుంటే ఓ బొమ్మ మీద ఏలు ఉండిపోనాది. బుర్రుమని కదిలింది. ఓహో, ఇవి జరుగుతాయన్నమాట అనుకున్నాను. మూడు గదుల్లో ఎక్కడివక్కడ పారేసుకున్నావు, అన్నీ ఒక్క కాడికి సేర్సేను. కవరు బొమ్మలు రెండున్నాయి. రెండు కవర్లెందుకని ఒకటి తీసి పారేసేను. మీ మావ ఫోటో మాత్రం సురేషు సేత ఎట్టించేను."

భోజనం చేస్తున్న సురేష్ బాబు పళ్ళెంలోంచి కళ్ళెత్తలేదు.

దొర్కా "బాగుందత్తా" అంది. ఫోన్ని బోర్లా పెట్టేసింది.

సాయంత్రం పెరట్లో భర్త పక్కన నిలబడి బట్టలు తీస్తూ మెల్లిగా అంది.

"కుంతి దీదీకి రేపు చెప్పాలి."

కుంతి కొరాపుట్ ఆస్పత్రిలో సీనియర్ నర్సు. అక్కడ ఖాళీ ఉంది, ఉండడానికి క్వార్టర్ కూడా ఇస్తారు, వస్తావా అని అడిగింది. సురేష్ బాబుకి ఇక్కడి ఉద్యోగం వదలడానికి లేదు. దొర్కా వెళ్తే ఒక్కతే వెళ్ళాలి. సెలవు దొరికినప్పుడు ఇతను బస్సెక్కాలి.

"నువ్వేటనుకుంటున్నావు?"

"నిన్నటిదాకా వద్దనే అనుకున్నాను."

"ఫోన్ గురించేనా? మాయమ్మకి దొరికితే నా ట్యాంకర్ కూడా సర్దేస్తాది, దొర్కా."

దొర్కా నవ్వలేదు. ఆ సాయంత్రమే ఆమె ఫోన్‌కి తాళం పెట్టింది.

మర్నాడు ఆదివారం. ముగ్గురూ చర్చికి తయారవుతున్నారు. పాటల కోసం సారమ్మ ఫోన్ ముట్టుకుంది. తొమ్మిది చుక్కలొచ్చేయి. వేలు పెట్టి రాస్తే ఎర్రగా అయి, మళ్ళీ చుక్కలే.

"ఒరే సురేషూ, ఇదేటిరా సుక్కలొస్తన్నాయి?"

"తాళమమ్మా. గీత గీస్తే గానీ తెరుచుకోదు."

"తాళమా? ఎవులికి?"

సురేష్ బాబు చొక్కా గుండీలు పెట్టుకోవడంలో పడ్డాడు.

"ఈ ఇంట్లో ఉండేది ముగ్గురం," అంది సారమ్మ. "నీకోసం ఎయ్యదు. అయితే నాకే. నానొచ్చిన కాడినించి ఈ ఇంట్లో బీరువాకి కూడా తాళమెయ్యలేదు. ఇపుడు నాను దొంగనయ్యేను."

దొర్కా జడ అల్లుకుంటూ బయటికొచ్చింది. "దొంగని ఎవరన్నారత్తా?"

"అనాలేటి? ఏసేవు కదా!"

"మీరు నా ఫోన్ ఎందుకు సర్దేరు?"

"సర్దితే తప్పా? ఇల్లంతా నానే సర్దుతాను. ఎపుడైనా ఎవులైనా ఏటన్నా అన్నారా?"

"అదే అత్తా!" దొర్కా గొంతు ఒక్కసారిగా పైకి లేచింది. ఆ గొంతు ఆ ఇంట్లో ఎవరూ అంతవరకూ వినలేదు. "ఇల్లంతా మీరే సర్దుతారు. నేను ఉప్పు ఇటు పెడితే మీరు అటు పెడతారు. నా దువ్వెన ఎక్కడుండాలో కూడా మీరే చెప్తారు. పెళ్ళయి ఏడాదయింది. నేను తెచ్చుకున్న సామాను ఇంకా పెట్టెలోనే ఉంది. నాది అని ఉన్నది ఇది ఒక్కటే, అరచేతంత జాగా. అందులో ఏది ఎక్కడుండాలో కూడా మీరే చెప్తే, నేనెక్కడ ఉండాలి?"

సారమ్మ ఫోన్ని పీట మీద పెట్టేసింది.

"కొరాపుట్లో క్వార్టర్ ఇస్తామన్నారు. వెళ్ళిపోతాను."

సారమ్మ కొడుకు వైపు తిరిగింది. "నీకు తెలుసా?"

"తెలుసమ్మా."

"ఆహా. నాకొక్కదానికే తెలీదన్నమాట."

చర్చి గంట వినిపించింది. కాసేపటికి సురేష్ బాబు బైబిలు చంకలో పెట్టుకుని ఒక్కడే వెళ్ళేడు.

సారమ్మ వంటింట్లోకి పోయి ఊరికే నిలబడింది. వెనక తలుపు సందులోంచి అరుగు మీద కోడలు కనిపించింది. ఒళ్ళో ఫోనుంది. ఒక బొమ్మ మీద వేలు ఆన్చి, అది కదిలాక మెల్లగా జరిపి ఓ చోట వదిలింది. ఫోన్ని కాస్త దూరంగా పట్టుకుని చూసుకుంది. నచ్చలేదేమో, మళ్ళీ జరిపింది. తర్వాత ఇంకోటి. కళ్ళు తడిగానే ఉన్నాయి గానీ మొహం నెమ్మదించింది. తన పని తను చేసుకుంటున్న మనిషి మొహం.

ఆ మొహం సారమ్మకి కొత్త. ఏడాదిగా చూస్తున్న పిల్లే. వంటింట్లో ఉన్నప్పుడు ఇలా ఎప్పుడూ లేదు. అక్కడ చుట్టపుచూపుగా వచ్చినదానిలా నిలబడేది. ఏ డబ్బా మీద చెయ్యి వెయ్యాలన్నా ముందు అత్త వైపు చూసేది. ఆ చూపు మర్యాద అనుకుంది తను.

సారమ్మ అలమర వైపు తిరిగింది. కందిపప్పు, ఉలవలు, చోడిపిండి, చింతపండు, ఎండుచేపల డబ్బా. చీకట్లో కూడా చెయ్యి దానంతటదే వెళ్తుంది. మొదటి డబ్బా దించి నేల మీద పెట్టింది. రెండోది దించింది. మూడోదానికి చెయ్యి ఆగింది. కొంగుతో మొహం తుడుచుకుని అదీ దించింది.

డబ్బాల చప్పుడుకి దొర్కా పరిగెత్తుకొచ్చింది. అలమర బోసిగా ఉంది. అత్త నేల మీద డబ్బాల మధ్య కూర్చునుంది.

"ఏటిదత్తా?"

"దించేను. ఇన్నాళ్ళూ నాకు నచ్చినట్టు నానెట్టుకున్నాను. ఇపుడు నువ్వెట్టు."

"అయ్యో, నేనన్నది అందుకు కాదు."

"అందుకే అన్నావు. అబద్ధమాడకు." సారమ్మ ఖాళీ అలమర చూపించింది. "ఇవి నా సేత్తో నానే దించుకుంటుంటేనే పేనం ఒప్పలేదు. నువ్వు నిద్దర్లేసి, నువ్వెట్టుకున్నది ఏదీ లేకండా సూసుకున్నావు. నీకెలగుండుంటాదో. నాను పోను మంచిగా సర్దేననుకున్నానే గానీ, అది అప్పటికే నువ్వు సర్దుకున్నదని నాకు తట్టలేదు అమ్మి."

దొర్కా ఆ డబ్బాల మధ్యే కూలబడి అత్త ఒళ్ళో తల పెట్టేసింది. సగం అల్లిన జడ విడిపోయింది. సారమ్మ ఏడుస్తూనే ఆ జుట్టు చేతిలోకి తీసుకుని అల్లడం మొదలెట్టింది. సగంలో ఆగింది.

"ఇది అల్లొచ్చా? ఇదీ నీదే కదా?"

దొర్కాకి ఏడుపులో నవ్వొచ్చింది. "అల్లండి. తాళం గీత కూడా చూపిస్తాను."

"వద్దు. ఉండనీ. పాటలు కావలిస్తే నిన్నే అడుగుతాను."

చర్చి నుంచి సురేష్ బాబు వచ్చేసరికి పెట్టెలోని కొత్త పింగాణీ కప్పులు అలమర నడి అరలో ఉన్నాయి. దొర్కా ముక్కాలిపీట ఎక్కి ఉంది, మోచేతుల దాకా కారం.

"ఎండుచేపలు అంత పైనా? ఎవులందుకుంటారు?" అంటోంది సారమ్మ.

"కింద పెడితే పిల్లి అందుకుంటుంది."

"పదేళ్ళయి కిందే ఉన్నాయి. ఏ పిల్లొచ్చింది?" అని వెంటనే నాలిక్కరుచుకుంది. "సరే, నీ ఇష్టం. నానేటీ అన్లేదు."

కిటికీలో ఫోన్ మోగింది. కుంతి మొహం కనిపించింది. ముగ్గురూ అటే చూసేరు.

దొర్కా కారపు చేతులు చూపించింది. "అత్తా, కొంచెం పట్టుకుంటారా?"

సారమ్మ ఫోన్ తీసి, కోడలు చూపించినట్టు వేలుతో పక్కకి తోసి, మునివేళ్ళ మీద లేచి ఆమె చెవికి ఆనించింది.

"నాయిఁ దీదీ," అంది దొర్కా. తర్వాత ఒడియాలో నెమ్మదిగా చెప్పింది, ఆ క్వార్టర్ ఇంకెవరికైనా ఇమ్మని, తను రాయగడలోనే ఉంటానని. ఎందుకని అవతల అడిగినట్టుంది. "ఇల్లు సర్దుకుంటున్నాను దీదీ," అంది.

సారమ్మకి ఒడియా బాగానే వచ్చు. చెయ్యి గుంజుతున్నా దించలేదు. అవతల ఫోన్ పెట్టేసేక కూడా ఇంకాసేపు అలాగే పట్టుకుంది. తర్వాత కొంగుతో కళ్ళొత్తుకుని అలమర వైపు చూసింది.

"అమ్మి, ఆ అడుగున అరలో కొంచెం జాగా నాకొగ్గెయ్."

"ఎంత కావాలత్తా?"

"రెండు డబ్బాలు పట్టేటంత సాలు."

దొర్కా పీట దిగి, అడుగు అర మొత్తం ఖాళీ చేసింది.