కడగని స్క్రీన్లు

వాన మొదలయ్యే ముందే గ్యాలరీ ఆయన వచ్చాడు. ముందు గదిలో గోడకున్న బొమ్మ ఎదురుగా నిలబడి చాలాసేపు తలూపాడు. నాలుగు గళ్లలో ఒకే పిల్ల ముఖం. సబ్బు ప్రకటనల్లో పిల్లల్లాగా నోరారా నవ్వుతోంది. పసుపు బుగ్గలు, నీలం కళ్లు, నీలం జుట్టు, ఎర్రటి పెదవులు.

"మీ నాన్నగారు సామాన్యుడు కాదమ్మా. అంగట్లో సరుకులాగే మనిషి ముఖం కూడా అచ్చుపడీ పడీ చివరికి ఎవరిదీ కాకుండా పోతుందని చెప్పారిక్కడ. అదీ దీని అర్థం," అన్నాడు.

అక్కకి నవ్వొచ్చింది. నాన్న అంత దూరం ఆలోచించే మనిషి కాదు. బతికినన్నాళ్లూ ఈ ఇంట్లోనే పోస్టర్లు అచ్చేసుకున్నాడు. చెల్లెలికి ఆరేళ్లప్పుడు జ్వరం ముదిరి డాక్టర్లు చేతులెత్తేస్తే, వెనక గదిలో తలుపేసుకుని దాని ముఖంతో ఈ ఒక్క బొమ్మా వేశాడు. పిల్ల లేచి కూర్చుంది. అంతకు మించిన అర్థం ఉందని అక్క ఎన్నడూ అనుకోలేదు.

"ధర సంగతంటారా, ఇది ఒక్కటే ఉందన్న మాట మీద నిలబడుతుంది," అని ఆయన గొంతు తగ్గించాడు. "దీన్ని అచ్చేసిన స్క్రీన్లు మిగిలుంటే ఎవరైనా ఇంకోటి అచ్చేస్తారు. అప్పుడిది చిత్తు కాగితం. వాటిని కడిగేసి ఉంచండి. చీకటి పడేలోగా వచ్చి చూసుకుని బొమ్మ పట్టుకెళ్తాను."

ఆయన గడప దాటాడో లేదో చెల్లెలు మెట్ల మీద నించే అందుకుంది. "ఇచ్చి పారెయ్యవే అక్కా. ఆ ఎనిమిది కళ్లూ చిన్నప్పట్నుంచీ నా వీపే చూస్తున్నాయి. ఆ డబ్బుతో ఈ చెమ్మ కొంప వదిలి పోదాం." అని బట్టలు సర్దుకోవడానికి పైకెళ్లింది.

వెనక గదిలో ఎండిన రంగు వాసన, తడి చెక్క వాసన. బీరువా వెనక నల్లగుడ్డ చుట్టి మూడు స్క్రీన్లున్నాయి. రంగుకొకటి. చెక్క చట్రానికి బిగించిన సన్నటి వల, దాని మీద రంగు దిగడానికి బొమ్మ ఆకారం వదిలి మిగతా అంతా గట్టి పూత. నాన్న మహా శుభ్రం మనిషి, ఏ రోజు స్క్రీన్ ఆ రోజే కడిగేసేవాడు. ఈ మూడింటినే ఎందుకో వదిలేశాడు. కూతురి ముఖం కదా, చేతులు రాలేదు కాబోలు అనుకుంది అక్క.

నీలం స్క్రీన్ తొట్టిలో నిలబెట్టి, పూత కరిగించే మందు పూసి, పైపు పట్టింది. పూత కరిగి జారింది. జుట్టూ కళ్లూ చెదిరి కాలవలోకి పోయాయి.

"అక్కా! కరెంటు పోయిందా?"

అక్క తలెత్తి చూసింది. నెత్తి మీద బల్బు వెలుగుతూనే ఉంది.

"నీ గదిలో బల్బు మాడుంటుంది. కదలకుండా కూర్చో, మెట్ల మీంచి దొర్లేవు!"

"కిటికీ కూడా కనబడట్లేదే..."

వాన చీకటిలే అనుకుంది అక్క. ఆయన వచ్చే వేళవుతోంది. ఎర్ర స్క్రీన్ అందుకుని మందు పూసింది. పైపు తిప్పింది.

"అక్కా, పైకి రావే. భయమేస్తోంది. ఎవరో నా మూతి మీద తడి చేత్తో..."

మాట ఆగిపోయింది.

"ఏమే?"

వాన చప్పుడు. పైపులో నీళ్ల చప్పుడు.

"ఒసేయ్, పలకవేం?"

పైన ఏదో బరువుగా నేలకి తగిలింది.

అప్పటికే మందులో ముంచిన బ్రష్షు పసుపు స్క్రీన్ మీద, బుగ్గ అంచుకి ఆనబోతోంది. అక్కడే ఆగింది. ముందు కళ్లు... తర్వాత నోరు... అక్క బ్రష్షు వెనక్కి లాక్కుంది. నాన్న వీటిని ఎందుకు కడగలేదో అప్పుడు తెలిసింది.

ఏమైనా మిగిలిందేమోనని ఎర్ర స్క్రీన్‌ని బల్బుకి ఎదురుగా ఎత్తింది. ఎంత కడిగినా వలలో రంగు మరక కొంత మిగులుతుంది, ఏ అచ్చుపనివాడినడిగినా చెప్తాడు. మిగిలింది. లేత ఎరుపులో చిన్నపిల్ల పెదవులు.

"నా తల్లీ, నేనెంత పని చేశానే..."

పెదవులు కదిలాయి.

"అక్కా... ఆ మూడోది కూడా కడిగెయ్. తొందరగా."

ఆరేళ్ల గొంతు. జ్వరంతో ఎండిపోయిన గొంతు.

మెట్ల మీద అడుగుల చప్పుడు. గోడకి అరచెయ్యి రాసుకుంటూ, తడుముకుంటూ ఎవరో దిగుతున్నారు. ఒక్కో మెట్టూ...

"కడిగితే నువ్వు పోతావే," అంది అక్క.

"నేను పైన లేనక్కా. జ్వరమొచ్చినప్పట్నుంచీ ఇందులోనే ఉన్నా."

అక్క చేతిలో బ్రష్షు నించి మందు చుక్కలు చుక్కలుగా కారుతోంది. ముప్పై ఏళ్లుగా తన పక్కన పడుకున్నది, తనతో జడ వేయించుకున్నది, తగువులాడింది ఎవరు? అడుగులు తలుపు అవతలకి వచ్చి ఆగాయి.

"అక్కా." చెల్లెలి గొంతే. నోరు కడిగేశాక కూడా స్పష్టంగా, ఎంతో ప్రేమగా. "లోపల ఎవరితో మాట్లాడుతున్నావు?"

వలలో ఆ చిన్న పెదవులు గట్టిగా బిగుసుకున్నాయి.