మూలుగుల తూము

దమ్మపేట దాటినంక పామాయిల్ తోటల నడుమ, వాగు మీద ఒక తూము ఉన్నది. పొద్దు గూకితే ఆ దారిన ఎవ్వరూ నడవరు. నడిచినోళ్లు చెప్పేది ఒక్కటే — తూము కాడ ఏదో మూలుగుతది... గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు మూలుగుతది.

వరదలో కొట్టుకపోయిన ఆడమనిషి అన్నరు. ఆకలితోని పోయిందన్నరు. అందుకే ఇంట్ల ఎవరికి జరమొచ్చినా, బెల్లం కలిపిన అన్నం ముద్ద తల చుట్టూ తిప్పి తూము కాడ పెట్టొస్తరు. పెట్టినంక వెనక్కి చూడొద్దు.

ఎనకట ఆ ముద్దను మోదుగాకు దొన్నెలో పెట్టేటోళ్లు. దొన్నె కుట్టే చేతులు ఊర్లె ఇంకా ఉన్నయ్, అడిగేటోళ్లే లేరు. ఇప్పుడన్నీ ప్లాస్టిక్ కవర్లు. చీమలు పట్టకుండ రెండు ముళ్లు సుత వేస్తరు. దయ్యానికి చీమలతోని ఏం పేచీయో!

తెల్లారి చూస్తే ముద్దే కాదు, కవరు కూడా మాయం. దయ్యం ఉందనేటందుకు ఊరికి అంతకన్న సాక్ష్యం ఏం కావాలె? ఎప్పుడన్న మిగిలిన కవర్లను వాగు గోదారికి, గోదారి సముద్రానికి మోసుకపోతది.

ఆ ఊరి చిన్నక్కకు ఉన్నది ఒక్కటే బర్రె. సూడిది, నెలలు నిండినయ్. చీకటితోనే విడిస్తే, రోజూ మేసేది ఆ వాగొడ్డునే. పది దినాల సంది గడ్డి ముట్టదు, నెమరెయ్యదు. కడుపు డోలు లెక్క ఉబ్బింది.

బర్రెల బేరగాడు జానీ మియా వచ్చి కడుపు మీద తట్టి చూసిండు.

"పశువుల దవాఖానాకు జల్దీ తోలుకపో చిన్నక్కా. లేకుంటే తల్లీ దక్కదు, దూడా దక్కదు."

"తూము గాలి సోకింది భాయ్. సూదికి దయ్యం పోతదా?"

"నీ దయ్యానికి బర్రెలే దొరికినయా? పాలు గిట్ట పిండుకుంటదా ఏంది?"

చిన్నక్క నవ్వలేదు. ఆ రాత్రే ముద్ద తీసి బర్రె చుట్టూ మూడుమార్లు తిప్పింది. కవర్లో వేసి రెండు ముళ్లేసింది. తూము కాడికి పోయి పెట్టింది... తిరిగింది... నడిచింది.

పది అడుగులు వేసిందో లేదో — వెనక చప్పుడు.

బరువైన అడుగులు... బుస్సుమని ఊపిరి... కవరు పరపరమన్నది.

చూడొద్దు. చూడొద్దు.

అప్పుడు మూలిగింది.

చిన్నక్క కాళ్లు ఆగిపోయినయ్. ఆ గొంతు ఆమెకు ఎరికే. పది దినాల సంది కొట్టంల వింటున్న గొంతే.

తిరిగి చూసింది.

తన బర్రె! మెడకు తెగిన పలుపు. నోట్ల సగం కవరు.

"వద్దే తల్లీ... కక్కే..." ఉరికి కవరు పట్టి గుంజింది. అది వచ్చింది. దాని ముడికి చిక్కుకొని ఇంకోటి... ఇంకోటి... పసుపంటినవి, నీలివి, నల్లవి. ఊరందరి మొక్కులు. గుంజేకొద్దీ వస్తనే ఉన్నయ్. ఇంతలో లోపలెక్కడో బిగుసుకున్నయ్. బర్రె మోకాళ్ల మీద కూలింది.

చిన్నక్క దాని పొట్ట మీద చెయ్యేసింది. లోపల దూడ తన్నింది — గట్టిగ.

"రాండిర్రో! నేను చిన్నక్కను! నా బర్రె పోతాంది, రాండి!"

వాగవతలి మొదటి ఇంట్ల దీపం వెలిగింది. చిన్నక్క పానం లేచొచ్చింది.

లోపల ఎవరో గుసగుసలాడిన్రు.

"పలకకు... చిన్నక్క గొంతుతోని పిలుస్తాంది."

గడియ పడింది.

"దానికి ఆకలెక్కువైంది. రేపు రెండు కవర్లు పెడదాం."