మేస్త్రీగారి మట్టం బద్ద

మేస్త్రీగారికి కోపం వస్తే అరవరు, పనిముట్లు తోముతారు. ఆ ఉదయం తాపీలు మూడూ అద్దాల్లా మెరుస్తున్నాయి. సిమెంటు మోసే గమేళా బోర్లించి దాని వీపు కూడా రుద్దుతుంటే, కాఫీ తెచ్చిన భార్యకి సంగతి పెద్దదేనని అర్థమైంది. అంట్లగిన్నెలు కూడా పక్కన పడేద్దామా అనిపించింది గానీ, సమయం కాదని ఊరుకుంది.

"అమ్మాయి పూసిన గోడ చూసొచ్చా" అన్నారు చివరికి. "మధ్యలో గుంట. మూడు రోజులు పస్తున్న మనిషి పొట్టలా ఉంది. పదింటికి ఇల్లు గలాయన వస్తాడు. చూశాడంటే మిగతా గోడలన్నీ ఇంకొకరికిస్తాడు."

కూతురు ఆరేళ్ళు తండ్రి దగ్గరే పని నేర్చుకుంది. ఈ నెలే మాలు చిమ్మే మెషిన్ అద్దెకు తెచ్చి, సొంతంగా మొదటి ఇల్లు ఒప్పుకుంది. గొట్టం పడితే గంటలో గోడంతా సిమెంటు మాలు పడుతుంది. ఆపైన తండ్రి ఇచ్చిన ఎనిమిదడుగుల అల్యూమినియం మట్టం బద్దతో లాగి చదును చెయ్యాలి. మెషిన్ వచ్చిన నాటినుంచీ మేస్త్రీగారి మూతి మూడు వంకర్లు తిరిగే ఉంది.

గదిలోంచి కూతురు వచ్చింది. "మెషిన్‌దేం తప్పు లేదు నాన్నా. బద్ద లాగింది నేను. గుంట నాదే."

"అందుకే, ఇవాళ్టినుంచి పరంజా నేనెక్కుతా. నువ్వు కింద మాలు కలుపు."

"ఆరేళ్ళు కలిపాను." కూతురు బూట్ల లేసులు విప్పసాగింది. "అయిదుసార్లు లాగాను నాన్నా. ప్రతిసారీ అక్కడే గుంట. నాకు చేతకాదేమో."

అయిదుసార్లూ అక్కడేనా? తల్లికి రగ్గులు గుర్తొచ్చాయి. పోయిన వారం బట్టల తాడు తెగితే, గోడకానించి ఉన్న మట్టం బద్దని రెండు కుర్చీల మీదికెక్కించి, చుట్టాలు కప్పుకున్న రగ్గులు నాలుగు దానిమీదే ఆరేసింది. తడి రగ్గంటే ఒక్కోటీ బక్క మనిషంత బరువు. పైగా ఎంత శుభ్రమైన దండెమో అని ముచ్చటపడింది కూడా.

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. పూలకుండీలు తవ్వింది ఏ తాపీతోనో ఆయనకి ఈనాటికీ తెలియదు. కానీ కూతురు పనిబూట్లు విప్పి మూలకి నెట్టేస్తోంది.

"ఆగవే" అంది తల్లి. "ఆ బద్ద మీద రగ్గులు ఆరేశాను. నేనే."

మేస్త్రీగారు తలెత్తారు. "ఎన్ని?"

"నాలుగు."

"మట్టం బద్ద మీదా? నీకసలు బుద్ధుందా?"

"ఉంటే మీతో ముప్పై ఏళ్ళు కాపురం చేస్తానా?"

ఆయన బండిలోంచి బద్ద తీసుకొచ్చి, కొస కంటికానించి, ఒక కన్ను మూసి చూశారు. విల్లులా వంగి ఉంది. చూడాల్సింది చూసేశాక కూడా దాన్ని దించలేదు.

"నేనూ చూసుకోవాల్సింది నాన్నా. మీరిచ్చింది కదా అని లాగేశాను."

"చూడకుండా ఎవరి చేతికీ బద్ద ఇవ్వలేదు నేను, ఇన్నేళ్ళలో." బద్ద దించి గోడకానించారు. "నీకే ఇచ్చా. కోపంతో బండిలో విసిరేశా. నువ్వు ఓడిపోయి నా దగ్గరికి రావాలని లోపలెక్కడో ఉందేమోనమ్మా."

అప్పుడే మేస్త్రీగారి ఫోన్ మోగింది. ఇల్లు గలాయన. గోడలో గుంట ఉందని ఎవరో చెప్పారట, సంగతేమిటని గట్టిగానే అడుగుతున్నాడు.

"ఆ పనికి మేస్త్రీ మా అమ్మాయండీ. ఆమెనే అడగండి" అని ఫోన్ కూతురికిచ్చారు.

కూతురు ఫోన్ చెవికానించుకుంది. "గుంట పడిందండీ. బద్ద వంగింది, నేను చూసుకోలేదు. ఇది మొదటి పూతే. రెండో పూతలో నింపి, మీ ఎదురుగానే దారం పట్టి గోడ చదును చూపిస్తాను."

అవతల ఆయన ఏదో అన్నాడు. కూతురు ఫోన్ పెట్టేసి, "గుంట సరిచేస్తే మిగతావీ నన్నే పూయమన్నారు" అంటూ బూట్లు తొడుక్కుంది.

"పరంజా పలకలు గట్టిగా బిగించావా?" అనబోయి మేస్త్రీగారు ఆగిపోయారు. "నువ్వు చూసుకునే ఉంటావులే. నేనొచ్చి ఏం చెయ్యాలో చెప్పు."

కూతురు ముంజేతితో కళ్ళు తుడుచుకుంది. "దారిలో కొత్త బద్ద కొందాం. మిగతాది వెళ్తూ చెప్తాను, ఎక్కండి."

తల్లి గుమ్మంలో నిలబడి చూసింది. బండి కూతురు నడుపుతోంది. మేస్త్రీగారు పక్క సీట్లో, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియని కొత్త పనివాడిలా, ఒద్దికగా కూర్చున్నారు.