కుప్పం చేరాల్సిన చుక్కలమందు

మదనపల్లె బస్టాండు హోటల్లో కాఫీ తాగి, గ్లాసు బల్ల మీద పెట్టేలోగా ప్రొఫెసర్ గోపాలస్వామి ప్రాణం పోయింది. ఎదుటి కుర్చీలోని తెల్లచొక్కా మనిషి ఇద్దరి బిల్లూ కట్టి మరీ వెళ్లిపోయాడు. అంత మర్యాదస్తుడు ఆ హంతకుడు.

కాసేపటికే ఏజెంట్ దొరస్వామి అక్కడ దిగాడు. పట్టుగూళ్ల దళారి వేషం, తలకు టవలు, బుగ్గన తమలపాకు. శవాన్ని తీసేశారు గానీ, ప్రొఫెసర్ తెచ్చిన ఐసుపెట్టె సీలుతో సహా బల్ల కిందే ఉంది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. అదే అతనికి నచ్చలేదు.

హోటల్ ఫోన్‌లో చీఫ్ గొంతు కరుగ్గా వచ్చింది.

"ఆ పెట్టెలో ఏముందో తెలుసా?"

"పోలియో చుక్కలు సార్."

"మూడు దేశాల మెడికల్ యూనివర్సిటీలు ఆరేళ్లు కలిసి తయారు చేసిన మందు. పేటెంటు లేదు. ఏ పేద దేశమైనా చేసుకోవచ్చు. రేపు పొద్దున కుప్పంలో మొదటి క్యాంపు. మందులమ్ముకుని బతికే సిండికేట్ సెవెన్ ముఠాకు అది గిట్టదు. అచ్చం అలాంటి సీసాలే వాళ్ల దగ్గరా ఉన్నాయి. వాటిలో ఉన్నది రోగం పుట్టించే వైరస్. పెట్టె పోతే క్యాంపు ఆగుతుంది, అంతే. సీసాలు మారితే పిల్లల కాళ్లు పోతాయి. ఆపైన ప్రపంచంలో ఏ తల్లీ ఈ మందును బిడ్డ నోట్లో వేయనివ్వదు."

దొరస్వామికి ఒళ్లు మండిపోయింది. అతనిది పుంగనూరు. తమ్ముడు చిన్నప్పకు మూడో ఏట జ్వరమొచ్చి రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి. వాణ్ణి వీపున మోసుకుని బడికి తీసుకెళ్లింది దొరస్వామే.

"నీతో డాక్టర్ సిల్వియా వస్తోంది. సిండికేట్‌లో మన డబుల్ ఏజెంట్. మూడు దేశాలూ క్లియరెన్సు ఇచ్చాయి," అని చీఫ్ ఫోన్ పెట్టేశాడు.

టమాటా మార్కెట్ గేటు దగ్గర జీపు పక్కన నిలబడి ఉంది ఆమె. గులాబి రంగు చీర, నల్ల కళ్లద్దాలు, భుజాన తోలు బ్యాగు. ఆమె సెంటు ముందు గంపల్లోని టమాటాల వాసన కూడా ఓడిపోయింది.

"పుంగనూరు ఆవు పాలెన్ని ఇస్తుంది?" అన్నాడు దొరస్వామి.

"చెంబెడే. కానీ చిక్కనివి," అంది సిల్వియా, పుస్తకం చదివినట్టు. కోడ్ సరిపోయింది.

పెట్టెను రెండు కాళ్ల మధ్య ఇరికించుకుని దొరస్వామి జీపు నడిపాడు. పుంగనూరు దాటుతుండగా వెనక నుంచి మోటార్‌సైకిల్ దూసుకొచ్చింది. "వంగండి," అని సిల్వియా అతని తల కిందికి నొక్కింది. తుపాకి గుండ్లు వరసగా పేలాయి. ఒకటి పెట్టె మూలను చీల్చింది, ఇంకొకటి రేడియేటరుకు తగిలింది. మనుషులకు గీత కూడా పడలేదు. ప్రాణం కాపాడిందని దొరస్వామి ఆమెకు దండం పెట్టినంత పని చేశాడు.

దారి పొడుగునా రేడియేటరులో నీళ్లు పోసుకుంటూ వచ్చినా, వెంకటగిరికోట దాటాక, కుప్పానికి ఇంకా చాలా దూరం ఉండగానే, జీపు పొగలు కక్కి ఆగిపోయింది. పెట్టె మూల నుంచి ఐసునీళ్లు కారిపోతున్నాయి. ఎండ చూస్తే నిప్పులు చెరుగుతోంది. దారి పక్కనే తడి గోనెపట్టాలు వేలాడదీసిన పట్టుపురుగుల ఇల్లు కనబడింది. ఆ ఇంటావిడ తిమ్మక్క చేట పట్టుకుని గడపకు అడ్డంగా నిలబడింది.

"యాడికి వస్తాండారు?"

"పిల్లోళ్ల మందక్కా. ఎండకు పాడైపోతాది. రోంతసేపు సల్లంగా పెట్టుకుంటాం."

తిమ్మక్క కరిగింది గానీ కొంచెమే. మొగుణ్ణి ఐసు కోసం సైకిల్ మీద వెంకటగిరికోటకు పంపింది. "పురుగులు రేపో మాపో గూడు కడతాయి. సెప్పులు ఆడ ఇడిసి, బాన్లో బ్లీచింగు నీళ్లుండాయి, కాళ్లూ సేతులూ కడుక్కోండి. నీ తమలపాకు ఊంచేయి. జేబులో ఏముండాయో అన్నీ తట్టలో పెట్టు."

దొరస్వామి పిస్తోలు పెట్టాడు. విషపు ముల్లు దాచిన పెన్ను పెట్టాడు. కడుక్కుని, పెట్టెను లోపల చీకటి మూలన దించి గడప దగ్గరికి వచ్చాడు.

"పెట్టె దగ్గర నేను కూర్చుంటాను. మీరు బయట కాపలా ఉండండి," అంది సిల్వియా.

"సెంటు పూసుకున్నోళ్లు లోపలికి రాకూడదు. పురుగులు సచ్చిపోతాయి. ఒళ్లు కడుక్కో, బ్యాగు ఆడ పెట్టు," అంది తిమ్మక్క.

"నేను వైద్యురాలిని. నా బ్యాగు శుభ్రంగానే ఉన్నది."

"నువ్వెవురైతే నాకేంది? బీడీ తాగితే నా మొగుణ్ణే గడప తొక్కనీను."

సిల్వియా బ్యాగును రొమ్ముకు హత్తుకుంది. దొరస్వామికి అనుమానం వచ్చింది. ఆపరేషన్ థియేటర్లోకి రోజూ వట్టి చేతులతో పోయే డాక్టరు, పురుగుల ఇంటి ముందు బ్యాగు కోసం ఇంత మొండికేస్తుందా? అన్ని గుండ్లు పేలితే మనుషుల్ని వదిలి పెట్టెకూ రేడియేటరుకే ఎట్లా తగిలాయి?

"బ్యాగు ఇవ్వండి డాక్టర్."

ఆమె బ్యాగులోంచి సైలెన్సర్ పిస్తోలు తీసింది. "ఆలస్యంగా గ్రహించారు. పక్కకు జరగండి."

దొరస్వామి చేతిలో పుల్లముక్క కూడా లేదు. వెనక పెట్టె ఉంది. చిన్నప్ప గుర్తొచ్చాడు. జరగలేదు. సిల్వియా వేలు ట్రిగ్గర్ మీద బిగిసింది.

తిమ్మక్క పిస్తోలు వైపైనా చూడలేదు. చీర కుచ్చెళ్లు గడపకు తగలడం చూసింది. "సెప్తే ఇనవా నువ్వు," అని బాన ఎత్తి బ్లీచింగు నీళ్లన్నీ ఆమె ముఖాన కుమ్మరించింది. సిల్వియా కెవ్వుమంది. గుండు పైపెంకుల్లోకి పోయింది. దొరస్వామి ఆమె మణికట్టు మెలితిప్పాడు. కిందపడిన బ్యాగులోంచి సీసాలు దొర్లాయి. మూత రంగూ, లేబులూ అచ్చం అవే.

మర్నాడు కుప్పం క్యాంపులో మూడు యూనివర్సిటీల డాక్టర్లు వరసగా నిలబడ్డారు. తిమ్మక్క మనవరాలిని చంకనేసుకుని వచ్చింది.

"ఇదేస్తే బిడ్డ కాళ్లకు ఏం కాదు గదప్పా?"

"ఏం కాదక్కా. నడుస్తాది," అన్నాడు దొరస్వామి. చుక్కలు నోట్లో పడగానే పాప ముఖం చిట్లించింది. అతను టవలుతో కళ్లు తుడుచుకున్నాడు.

సాయంత్రం చీఫ్ ఫోన్‌లో మండిపడ్డాడు. "మూడు దేశాలు క్లియరెన్సు ఇచ్చిన మనిషిని ఒక ఇల్లాలు గడప దగ్గర ఎలా ఆపిందయ్యా?"

"క్లియరెన్సు మనమిచ్చాం సార్. పురుగులివ్వలేదు."